కాశీలో వదిలిన ఫోను

మధురవాడ,
ఫిబ్రవరి నెలాఖరు

బావ శ్రీరామ్మూర్తికి,

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. అక్కడ నువ్వు క్షేమమేనని అడక్కుండానే తెలుసు, ఎందుకంటే నువ్వు కాశీలో వదిలింది కాకరకాయ.

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. నాకు వేరే దారి లేక కాగితం, పెన్ను పట్టుకున్నాను. స్టీల్‌ప్లాంటులో చేరిన కొత్తలో మా అమ్మకి రాసేవాణ్ణి, మళ్ళీ ఇదే. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఉన్న అమ్మాయి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, బీరువా వెనక్కి వెళ్ళి చాలాసేపు వెతికింది.

జరిగింది నీకు తెలిసిందే అయినా నా తరఫు నుంచి ఒకసారి విను. గంగలో మునిగి లేచాక పురోహితుడు గారు, "కాశీకి వచ్చినవాళ్ళు తమకి ఇష్టమైన కాయో పండో స్వామికి వదిలేసి వెళ్ళాలి. ఇంక జన్మలో ముట్టకూడదు" అన్నారా? ధనలక్ష్మి చెల్లెమ్మ పనసపండు వదిలింది. పాపం, ఆవిడకి అదంటే ప్రాణం. మా నాగమణి సీతాఫలం వదిలింది. నువ్వేమో కళ్ళు మూసుకుని, గొంతు వణికించి, "కాకరకాయ, సామీ" అన్నావు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లోకి కాకరకాయ రానివ్వని మనిషివి! ఆ పురోహితుడు నిన్నో మహాత్యాగిని చూసినట్టు చూసి గుప్పెడు అక్షతలు వేశాడు.

నాకు ఒళ్ళు మండింది. దేవుడి దగ్గర కూడా ఇదేం తెలివి అనిపించింది. నీకు బుద్ధి చెప్పాలని, "నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదండీ, దీన్నే వదిలేస్తున్నాను" అంటూ సంచీలోంచి సెల్‌ఫోను తీసి చూపించాను. అందరూ ఆహా అంటారనుకున్నాను. మీ చెల్లెలు నాగమణి "ఏటండీ, నిజంగానే?" అని పకపకా నవ్వింది. పురోహితుడు గారు కాస్త ఆలోచించి, "కాయా కాదు, పండూ కాదు. అయినా ఇష్టమైందే కదా" అని నా చేత నీళ్ళు వదిలించేశారు. ఇప్పుడు ఆ ఫోను మా వంటింట్లో బియ్యం డబ్బాలో ఉంది. "తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగవుద్దంట. మునిగొచ్చిన మొగుణ్ణి దేన్లో పెట్టాలో మరి" అంటోంది నాగమణి.

అసలు సంగతి వేరే ఉంది. మా అపార్టుమెంట్ల ఆవరణలోని వినాయకుడి గుడి కమిటీకి నేను అధ్యక్షుణ్ణి కదా, జూలైలో మళ్ళీ ఎన్నిక. అదంతా వాట్సాప్‌లోనే జరుగుతుంది. 'శ్రీ గణేశ భక్త బృందం' నడిపేది నేనే. పొద్దున్నే అందులో దేవుడి బొమ్మ పెట్టి శుభోదయం చెబితే గాని నాకు కాఫీ దిగదు. ఫోను లేకుండా ఎలా గెలుస్తాడా అని నవ్వుకుంటున్నావేమో. నిజమైన భక్తుడికి ఫోనెందుకు బావా? గెలిచి చూపిస్తాను. చవితికి గేటు దగ్గర ఫ్లెక్సీ మీద మళ్ళీ నా ఫోటోయే ఉంటుంది, వచ్చి చూసుకో.

ఇట్లు,
మాట మీద నిలబడే నీ బావ,
కామరాజు


సబ్బవరం,
మార్చి మొదటివారం

బావా,

నీ ఉత్తరం మా ఇంట్లో చేసిన గొడవ చెబితే మళ్ళీ రాయడానికి భయపడతావు. పోస్ట్‌మాన్ నూకాలు గేటు దగ్గర నిలబడి నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా పిలిచాడు. ఆ పిలుపు విని ధనలక్ష్మి రోడ్డు కోసం మన పొలం తీసుకుంటున్నారని నోటీసొచ్చిందనుకుని అరుగు మీద కూలబడింది. పక్కింటి అసిరమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏటమ్మా ధనలచ్మీ, ఏటొచ్చినాది? బూవి పోనాదా?" అని ఓదార్చడం మొదలుపెట్టింది. వాళ్ళ ఏడుపు ఆపడానికి నీ ఉత్తరం గట్టిగా చదవాల్సి వచ్చింది. కాకరకాయ దగ్గరికి వచ్చేసరికి నా నోరు కట్టుకుపోయింది, కానీ అసిరమ్మ అప్పటికే వినేసింది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. టీకొట్టు గురువులు నన్ను చూడగానే, "ఏటి బావా, కాసీలో కాకరకాయ్ వొగ్గీసేవంట? పన్లో పని, ఆముదం కూడా వొగ్గీకపోనావా?" అన్నాడు. ఇదంతా నీ చలవే.

నా వాదన కూడా విను. పురోహితుడు ఇష్టమైంది వదలమన్నాడు గానీ, ఎవరికి ఇష్టమైందో చెప్పలేదు. కాకరకాయ ధనలక్ష్మికి ఇష్టం. అయినా ఆవిడ పనసపండు కూడా వదిలి వచ్చింది చూడు, మా ఇంటి నుంచి స్వామికి రెండు ముట్టాయి. మీ ఇంటి లెక్క నువ్వే చూసుకో.

ఇక నీ ఫ్లెక్సీ. పోయినేడు చవితికి మీ గేటు దగ్గర చూశాను కదా. నిలువెత్తున నువ్వు, పట్టు కండువా, జోడించిన చేతులు. వినాయకుడెక్కడ అని వెతికితే నీ ఎడమ చెవి దగ్గర దొరికాడు, చెవిపోగంత. ఆయనకి దండం పెట్టుకోవాలంటే ముందు నీకు పెట్టాలి. ఏం చేస్తాం, పెట్టాను.

ఉగాది దాకా ఆగలేవని నా నమ్మకం. అన్నట్టు, నిన్న నీ ఫోనుకి ఒక ఫోటో పంపాను. చాలా ముఖ్యమైంది. ఏమిటో ఉత్తరంలో రాస్తే బాగోదు, చూస్తేనే బాగుంటుంది.

నీ బావ,
శ్రీరామ్మూర్తి


మధురవాడ,
ఏప్రిల్, ఎండలు ముదిరాక

బావకి,

ఉగాది వెళ్ళిపోయింది, నేనింకా ఫోను ముట్టలేదు. ముందు అది రాసుకో. తర్వాత, ఆ ఫోటో ఏమిటో చెప్పు. పొలానికి సంబంధించిందా? నాగమణి చిన్నప్పటిదా? నాగమణిని చూసి చెప్పమంటే నవ్వుతుందే గాని చెప్పదు. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ దగ్గర దాచడం ఎందుకు, కష్టంగానే ఉంది. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉంటాను, చెయ్యి మాత్రం జేబులోకి పోయి వెతుక్కుంటుంది. మొన్న నా పుట్టినరోజుకి స్వామికి అభిషేకం చేయించాను. పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్ళు, అన్నీ ఘనంగా అయ్యాయి. ఇంటికొచ్చి కూర్చుంటే అసలేమీ చేయించనట్టే ఉంది. ఫోటో లేదు, బృందంలో పెట్టలేదు, ఒక్కరి దండం బొమ్మ రాలేదు. "ఎవరూ చూడలేదే" అన్నాను పైకే. నాగమణి కూర తరుగుతూ, "దేముడు సూసేడు గదండీ" అంది.

"ఆయన ఒక్కడే కదా" అన్నాను.

నోరు జారింది బావా. అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఈ మాట చెప్పి నవ్వుతోంది.

అయితే నేనూ ఊరుకోలేదు. వ్రతం చెడకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఫోను నేను ముట్టను. నాగమణి తీసి బృందంలో ఏమొచ్చిందో చదువుతుంది, నేను చెబుతాను, ఆవిడ టైపు చేస్తుంది. ఇందులో తప్పు లేదని నా అభిప్రాయం. ఎందుకిది అవసరమైందంటే, గుణశేఖర్ అని కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అతను అధ్యక్షుడిగా నిలబడతాడట. అతను పెట్టే వినాయకుడి బొమ్మల్లో దీపాలు కదులుతాయి, చెవులు ఆడతాయి. నా బొమ్మలు ఎప్పుడూ కదల్లేదు.

అందుకని మొన్న ఒక పెద్ద సందేశం చెప్పి రాయించాను. నా అధ్యక్షతన గుడికి వేయించిన రంగులు, గ్రిల్లు, స్వామికి చేయించిన వెండి కళ్ళు, అన్నీ. నాగమణి వింటూ వింటూ మధ్యలో విసుగొచ్చి, ఒక దండం బొమ్మ పెట్టి, "మా ఆయన బాగున్నారు" అని మాత్రం పంపించిందట. మర్నాటి నుంచి ఒకటే జనం. నాకేదో జబ్బు చేసిందనుకుని బత్తాయిలు, కొబ్బరి బొండాలు, హార్లిక్సు పట్టుకొచ్చారు. గుణశేఖర్ స్వయంగా వచ్చి, "మీరు రెస్టు తీసుకోండి సార్, గుడి సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ కుర్రాడు మంచివాడు కూడా, అదే నా బాధ.

బత్తాయిలు బాగున్నాయి.

కామరాజు


సబ్బవరం,
మే

బావా,

ఒక్క ప్రశ్న. కాశీలో నువ్వు వదిలింది ఫోన్నా, వేలినా? మా చెల్లి వేలు అరువు తెచ్చుకుని మీట నొక్కిస్తూ, వ్రతం చేస్తున్నానని ఉత్తరాలు రాస్తావా? ఈ లెక్కన నేను కాకరకాయ కూర ధనలక్ష్మి చేత తినిపించుకోవచ్చన్నమాట, నా చెయ్యి తగలదుగా!

నేను మాత్రం నా వ్రతం అక్షరాలా పాటిస్తున్నాను. పైగా నా పరీక్ష నీ పరీక్ష కన్నా పెద్దది. నేను కాశీ నుంచి వచ్చాక ధనలక్ష్మి ఏం చేసిందనుకున్నావు? కంచె పొడుగునా కాకరపాదు పాకించింది. ఏమిటే ఇది అంటే, "నువ్వు తినవు గందా. దేముడికిచ్చీసేవు. ఇన్నాళ్లూ నీ గురించి నోరు కట్టుకున్నాను, ఇంక మాం తింటే నీకేటి?" అంది. ఇప్పుడు వారం వారం మా ఇంట్లో కాకరకాయే. చిన్నకాయలు తెంపి, పొట్ట చీల్చి, వెల్లుల్లి కారం కూరి, నూనెలో సన్నసెగ మీద మగ్గబెడుతుంది. అసిరమ్మ గిన్నె పట్టుకుని వచ్చి పెట్టించుకుని వెళుతుంది. వాసన వీధి మలుపు దాకా వస్తుంది. ఆ వాసన నన్నేమీ చేయదు. నాకు అసలు పట్టనే పట్టదు. మొదట వెల్లుల్లి వాసన వస్తుంది, తర్వాత కారం మాడీ మాడనట్టు ఒక ఘాటు, ఆఖరికి ఏదో తీపి కూడా తగులుతుంది. కానీ నేను పట్టించుకోను.

నీ సంగతికొస్తే, నాదొక అనుమానం. ఎన్నిక పోతే పోయింది, ఆ గుడి ఎక్కడికీ పోదుగా? వినాయకుడు నువ్వు అధ్యక్షుడివైతేనే కనబడతానన్నాడా? ఊరికే అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు.

ఇంకో ఫోటో పంపాను. మొదటిదానికన్నా ముఖ్యమైంది.

శ్రీరామ్మూర్తి


మధురవాడ,
జూన్ మధ్యలో

బావా,

కోపం వచ్చింది. అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. వేలు అరువు తెచ్చుకున్నానని రాశావే, ఆ మాట నాగమణికి చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. ఆవిడ ఫోను నా ముందు పెట్టి, "మా అన్న సెప్పింది నిజిమే. ఇంక నా వేలు నాకే కావాల" అని మానేసింది. ఇప్పుడు నాకు ఫోనూ లేదు, వేలూ లేదు. బృందంలో ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి.

నువ్వడిగావు కాబట్టి చెబుతాను. స్టీల్‌ప్లాంటులో ఉన్నప్పుడు షిఫ్టుకి వెళితే గేటు దగ్గర్నుంచి "కామరాజు గారూ" అని పిలిచేవాళ్ళు. రిటైరయ్యాక ఆ పిలుపు ఆగిపోయింది. ఫ్లాటు తీసుకున్నా, కారు కొన్నా, మసాజు చేసే కుర్చీ కొన్నా, కొన్న వారం దాకానే బాగున్నాయి. మళ్ళీ అలా పిలిచింది ఈ గుడి దగ్గరే. అది పోతే నేనేం కావాలి బావా? నవ్వకు.

సరే, అసలు విషయం. పోయిన శుక్రవారం సాయంత్రం హారతికి వెళ్ళాను, ఏం తోచక. గుడిలో కరెంటుతో మోగే గంటా డప్పూ యంత్రం ఉంది కదా, అది కాలిపోయింది. పూజారి నీలకంఠం పంతులు గారికి ఒక చేతిలో హారతి పళ్ళెం, రెండో చేయి భుజం పట్టేసి లేవడం లేదు. "ఎవరైనా గంట అందుకోండి నాయనా" అని వెనక్కి తిరిగి చూశారు. గుడి నిండా జనం. అందరూ చేతులు పైకెత్తి ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. ఎవరు దించినా మధ్యలో తెగిపోతుంది. పంతులు గారి చూపు అలా తిరిగి తిరిగి నా మీద ఆగింది. "మీ చేతులు ఖాళీగా ఉన్నాయి కదా, పట్టుకోండి" అని గంట నా చేతిలో పెట్టేశారు.

అధ్యక్షుణ్ణి నేను! గంట కొట్టమంటారా? ముఖం మాడ్చుకునే మొదలుపెట్టాను. ఆపడానికి లేదు, హారతి తిరుగుతోంది. చెయ్యి నొప్పి పుట్టింది, చెమటలు పట్టాయి. ఆ గంట హోరులో ఇంకే మాటా లోపలికి రావడం లేదు, నా సొంత మాటతో సహా. అప్పుడు తలెత్తి చూశాను. స్వామి కళ్ళు వెండివి బావా. హారతి వెలుగు వాటిలో కదులుతోంది. ఆ కళ్ళు చేయించింది నేనే, కంసాలి దగ్గర తూకం వేయించిందీ నేనే, కానీ చూడటం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఆయన్ని తెర మీదే చూశాను, బొమ్మ సరిగ్గా పడిందా లేదా అని. ఆయన నా వంకే చూస్తున్నాడు. ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నాడో!

హారతి ఎప్పుడైపోయిందో తెలియదు, పంతులు గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఇంటికి వచ్చాక నాగమణి, "ఏటండీ, ఏటయింది? ఏడిసేరా?" అంది. చెమట అని చెప్పాను.

ఇది ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా గురువులుకి. అన్నట్టు, ధనలక్ష్మి చెల్లెమ్మ నాగమణికి ఫోను చేసి, నువ్వు ఈమధ్య కూర మగ్గుతున్నప్పుడల్లా ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వస్తున్నావని చెప్పిందట. పట్టని వాసన కోసం అంత తిరగడం ఎందుకో!

కామరాజు


సబ్బవరం,
జూలై

బావా,

ఇంట్లో గూఢచారులున్నారని తెలిశాక దాచి లాభం లేదు.

మొన్న మధ్యాహ్నం ధనలక్ష్మి కునుకు తీస్తుంటే వంటింట్లోకి వెళ్ళాను. మూత తీశాను. ఒక కాకరకాయ చేతిలోకి తీసుకున్నాను. కారం నూనె వేలికి అంటింది, ఆ వేలు నాలిక్కి తగిలింది. అంతే. బావా, ఇన్నేళ్ళు ఎంత తప్పు చేశాను! అంత రుచైనదాన్ని ఇంట్లోకి రానివ్వకుండా బతికాను, తీరా వదిలేశాక తెలిసింది. ఆ కాయ నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది.

అప్పుడు గంగ ఒడ్డు గుర్తొచ్చింది. ఆ రోజు నేను స్వామికి నాకు అక్కర్లేని చెత్త ఇచ్చి, అక్షతలు వేయించుకుని వచ్చాను. ఆయన ఏమీ అనలేదు, తీసుకున్నాడు. తీసుకుని ఊరుకున్నాడా? దానికి రుచి పెట్టి, కారం పట్టించి, నూనెలో వేయించి మా వంటింటికే పంపించాడు. ఇప్పుడివ్వు చూద్దాం అన్నట్టు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. కాయ గిన్నెలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, దేవుడి గూటి ముందు నిలబడి మళ్ళీ చెప్పాను, "కాకరకాయ, సామీ" అని. ఈసారి గొంతు నేను వణికించలేదు, దానంతటదే వణికింది. ధనలక్ష్మి లేచి వచ్చి, "ఎవులితో మాటాడతన్నావ్?" అంది. "మా బావతో" అన్నాను.

చిత్రమేమిటంటే, ఆ పూట ఉత్త చారన్నం తిన్నాను, కడుపు అంత నిండుగా ఎప్పుడూ లేదు.

సరే, ఇప్పుడు వేళాకోళం కాదు. నాగమణి నన్ను మీ బృందంలో చేర్చింది. వచ్చే ఆదివారం ఎన్నిక. సాయంత్రం ఏడింటి దాకా ఓట్లు వేయొచ్చు. చూస్తుంటే గుణశేఖర్‌కీ నీకూ సమానంగా ఉంది. చాలామంది "కామరాజు గారు ఒక్కమాట అంటే ఆయనకే వేస్తాం" అంటున్నారు. నాగమణి రాస్తే నమ్మరు, నీ గొంతుతో రికార్డు చేసి పెట్టాలి. బావా, నిన్ను ఇన్నాళ్ళు ఏడిపించాను గానీ, గేటు దగ్గర ఆ పిలుపు గురించి నువ్వు రాసింది చదివాక నాకు మనసు బాగోలేదు. ఈ ఒక్కసారికి ఫోను తీసుకో. మళ్ళీ ఇద్దరం కాశీ వెళదాం, కావాలంటే నీ పాపానికి కూడా నేనే మునుగుతాను.

ఫోటోలు అంటావా, మొదటిది మా గేదె, రెండోది అదే గేదె ఇంకోవైపు నుంచి.

శ్రీరామ్మూర్తి


మధురవాడ,
జూలై నెలాఖరు

బావా,

గేదె! ఐదు నెలల నిద్ర పోగొట్టావు కదరా.

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తీర్పు నువ్వే చెప్పు.

సాయంత్రం కాఫీ తాగాక బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. ఫోను తీశాను. అవును, ముట్టుకున్నాను. నాగమణి చూసి చార్జరు తెచ్చి పక్కన పెట్టింది, అది ఇంకా బాధ అనిపించింది. చార్జింగు చచ్చిపోయి ఉంది. ప్లగ్గుకి పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఏం మాట్లాడాలో లోపల తయారుచేసుకున్నాను. "భక్త మహాశయులకు మీ కామరాజు నమస్కారాలు" అని మొదలుపెట్టి గొంతు కూడా సవరించుకున్నాను. తెర వెలిగింది. అప్పుడు గోడ గడియారం చూస్తే ఆరున్నర కావస్తోంది.

హారతి ఆరున్నరకి. యంత్రం ఇంకా బాగవలేదు. పంతులు గారి భుజం సంగతి చెప్పాను కదా. నేను వెళ్ళకపోతే హారతికి గంట ఉండదు. గంట లేకుండా హారతి ఎలా తిరుగుతుంది? ఆ ఆలోచన వచ్చేసరికి ఫోను అక్కడే వదిలేసి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మెట్లు దిగాను. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. వెనక నుంచి నాగమణి, "ఏటండీ, మరి ఓట్లో?" అని అరిచింది. వినబడింది, కానీ ఏమీ అనిపించలేదు.

నేనేదో త్యాగం చేశానని మాత్రం అనుకోకు బావా. గంటకి ఆలస్యమవుతోందని పరుగెత్తాను, అంతే. ఆ పూట హారతి ముగిశాక అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను. అడగడానికి ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. ఎన్నిక ఉందిగా, అది అడగొచ్చు. అడగబుద్ధి కాలేదు. ఇంకేమీ అక్కర్లేదనిపించింది. నా జీవితంలో ఎప్పుడూ అలా అనిపించలేదు, జీతం పెరిగిన రోజున కూడా. పంతులు గారు తలుపులు వేయాలంటే లేచాను.

ఇంటికి వచ్చేసరికి ఎన్నిక అయిపోయింది. గుణశేఖర్ గెలిచాడు. నాగమణి భయం భయంగా చెప్పింది. "మంచి కుర్రాడు" అన్నాను. అన్నాక చూసుకుంటే, ఆ మాట పళ్ళు బిగించి అనలేదు. ఫోను మళ్ళీ బియ్యంలో పెట్టేశాను.

ఇప్పుడు చెప్పు, వ్రతం చెడిందా, లేదా? నీ నాలిక్కి కారం తగిలింది, నా చేతికి ఫోను తగిలింది. నాకు తెలిసి మనం సమానం.

కామరాజు


సబ్బవరం,
సెప్టెంబరు, చవితి వెళ్ళాక

బావా,

తీర్పు: ఇద్దరమూ దొంగలమే, ఇద్దరమూ దొరికిపోయాం.

చవితికి రాలేకపోయాను, వరికి కలుపు తీతలు. కానీ మీ గుడి ఉత్సవం అంతా ఇక్కడి నుంచే చూశాను, బృందంలో వీడియోలు వచ్చిపడ్డాయి. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద గుణశేఖర్ ఉన్నాడు. నీకన్నా నయం, వినాయకుణ్ణి భుజం దాకా రానిచ్చాడు. కొత్త గంట యంత్రం కూడా కొన్నాడటగా. మరి అది మోగడం ఒక్క వీడియోలోనూ వినబడలేదే? నాగమణిని అడిగితే, పంతులు గారు రోజూ స్విచ్చి వేయడం మరిచిపోతున్నారని చెప్పింది.

ఇంకో సంగతి చెబితే పడిపోతావు. ఆ వీడియోలన్నిటిలో నువ్వున్నావు. ఎవరు తీసినా, ఏ మూల నుంచి తీసినా, హారతి పక్కన గంట పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెమటతో తడిసిపోయి నువ్వే. ఫోను వదిలేసినవాడు అందరి ఫోన్లలోకీ వెళ్ళి కూర్చున్నాడు! మీవాళ్ళు చాలామంది దాన్నే స్టేటస్‌గా పెట్టుకున్నారు. ఇక్కడ గురువులు టీకొట్లో అందరికీ చూపిస్తున్నాడు. "ఎవులీ సామి? మొకం అలాగెలిగిపోతంది?" అని ఒక లారీ డ్రైవరు అడిగాడట. "మా బావకి బావ" అని గొప్పగా చెప్పాడు.

నాకు మాత్రం నిన్ను చూస్తే అసూయ వేసింది. మా చెల్లినిచ్చిన దగ్గర్నుంచీ నిన్ను చూస్తున్నాను. పెళ్ళి పీటల మీద కూడా ఫోటో బాగా రావాలని మెడ సవరించుకున్న మనిషివి. నీ ముఖం అలా ఉండగా ఎప్పుడూ చూడలేదు. ధనలక్ష్మి చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, "అన్నయ్యకేటో దొరికిసింది" అంది.

అందుకని ఒక్కసారి సబ్బవరం రా. ఫోను నేను పట్టుకుంటాను, నువ్వు ముట్టుకోవద్దు, ఊరికే చూడు. ఇందులో వ్రతభంగం ఏమీ లేదు. నీ ముఖం నువ్వు చూసుకోవద్దా? భోజనానికి ధనలక్ష్మి కాకరకాయ చేస్తుంది. నువ్వు తిను, నేను ఎదురుగా కూర్చుని వాసన చూస్తాను.

శ్రీరామ్మూర్తి


మధురవాడ,
సెప్టెంబరు

బావా,

భోజనానికి వస్తాను. చెల్లెమ్మని కారం ఎక్కువ పెట్టమను, నీకు వాసన బాగా రావాలి కదా.

వీడియో వద్దు. నువ్వు రాసిందే చదివి రెండు రోజులు అద్దం ముందు ఎక్కువసేపు నిలబడ్డాను, నాగమణి పట్టుకుంది. ఆ పాత జబ్బు ఎక్కడికీ పోలేదు, గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. ఇంక చూస్తే రేపటి నుంచి గంట కొడుతూ మెడ సవరించుకుంటాను.

నువ్వు మాత్రం నాకోసం ఆ వీడియోలు మళ్ళీ ఒకసారి చూడు. నన్ను కాదు, నా వెనక చూడు. స్వామి పూర్తిగా కనబడుతున్నాడా, లేక నేను అడ్డొస్తున్నానా? అడ్డొస్తుంటే చెప్పు, కాస్త పక్కకి జరిగి నిలబడతాను.

కామరాజు